సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో నిజంగా ఏముందో కొట్లోనే చూసుకోవడం ఎలాగ?

సిక్కోలు_చిన్నోడు
మా చెల్లి డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది, ల్యాప్‌టాప్ కావాలి, కొత్తది మావల్ల కాదు. టౌన్లో ఒక కొట్లో సెకండ్ హ్యాండ్ డెల్ లాటిట్యూడ్ చూశాం. ఐ7 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11, ఇరవై రెండు వేలు అన్నాడు. ఏ జనరేషన్ అండీ అని అడిగితే "ఐ7 అంటే ఐ7 బాబూ, దాన్ని మించింది లేదు" అని ఇంకో కస్టమర్ వైపు తిరిగిపోయాడు. బాడీ నిండా గీతలే గానీ కీబోర్డు కింద ఐ7 స్టిక్కర్ మాత్రం నిన్న అంటించినట్టు మెరిసిపోతోంది, నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆదివారం మళ్ళీ వెళ్తున్నా. పట్టుకుని చూసుకోనిస్తాడు గానీ అందులో ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనివ్వడు. అందులో ఉన్నదాంతోనే ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత, బ్యాటరీ ఎంత మిగిలింది ఇవన్నీ ఎలా చూడాలో చెప్పండి. మా నాన్న మినుములు అమ్మిన డబ్బులివి.

టెక్కలి_గేమర్
ఐ7 ఇరవై రెండుకి వస్తుంటే ఇంకా ఆలోచనేంటి బ్రో, తీసేసుకో. నాది ఐ5, కొత్తది, యాభై దాటింది

నెల్లిమర్ల_మాస్టారు
గేమర్ బాబూ, కుర్రాణ్ణి తొందరపెట్టకు.
చిన్నోడూ, నువ్వు ఏమీ ఎక్కించక్కర్లేదు, విండోస్‌లోనే అన్నీ ఉన్నాయి. విండోస్ బొమ్మ ఉన్న కీ, ఆర్ అక్షరం రెండూ కలిపి నొక్కితే ఎడమ పక్క కింద చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎం ఎస్ ఐ ఎన్ ఎఫ్ ఓ, దానికి ఆనించి 32, మధ్యలో గ్యాప్ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని తెరుచుకుంటుంది. మోడల్ పేరు, ప్రాసెసర్, ర్యామ్, బయోస్ (ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) వెర్షన్ దాని తేదీ అన్నీ ఒకే పేజీలో ఉంటాయి. ప్రాసెసర్ లైన్లో ఐ7 తర్వాత చిన్న గీత, గీత తర్వాత ఒక నంబరు ఉంటుంది. నువ్వు అడిగిన జనరేషన్ అక్కడే ఉంది. 3520 అంటే మూడో జనరేషన్, 6600 అంటే ఆరు, 8250 అంటే ఎనిమిది. 10, 11, 12తో మొదలైతే పదో, పదకొండో, పన్నెండో జనరేషన్. చివర యు అని ఉంటే కరెంటు తక్కువ తీసుకునే రకం, హెచ్ ఉంటే బలమైన రకం.
తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్ళు. సీపీయూ మీద నొక్కితే కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ఎన్నో, లాజికల్ ప్రాసెసర్లు ఎన్నో చెప్తుంది. మెమరీ మీద నొక్కితే ర్యామ్ స్పీడు, స్లాట్లు ఎన్నిట్లో ఎన్ని వాడారో ఉంటుంది. డిస్క్ పేరు కింద ఎస్ఎస్‌డీనో హెచ్‌డీడీనో రాసి ఉంటుంది, ఎస్ఎస్‌డీ వేగమైనది, హెచ్‌డీడీ పాత రకం. ఈ రెండు స్క్రీన్లూ ఫోన్లో ఫొటో తీసుకుని ఇక్కడ పెట్టు, మేం చూస్తాం.

చీపురుపల్లి_ఎక్స్‌ప్రెస్
మాస్టారి పోస్టు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్ళు తమ్ముడూ, కొట్టోడి ముందు తడుముకోకుండా

టెక్కలి_గేమర్
మాస్టారూ ఏ జనరేషన్ అయితే ఏంటండి, ఐ7 ఐ7యే కదా, ఐ5 కంటే పైది

నెల్లిమర్ల_మాస్టారు
కాదు నాయనా. ఐ3, ఐ5, ఐ7 అన్నవి బస్సుకి ఎక్స్‌ప్రెస్, డీలక్స్ అని రాసినట్టు. ఏ సంవత్సరం బస్సో అది చెప్పదు. 2012లో వచ్చిన ఐ7 3520ఎం తీసుకో, లోపల రెండే కోర్లు. 2015లో వచ్చిన ఐ7 6600యు కూడా రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు (లాజికల్ ప్రాసెసర్లు అన్నవి ఇవే). 2017లో వచ్చిన ఐ5 8250యుకి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. స్టిక్కర్ చూసి కొనేవాడు మొదటి రెండిట్లో ఏదో ఒకటి పట్టుకుపోతాడు, నంబరు చదివేవాడు మూడోది తీసుకుంటాడు. ఆరుకీ ఎనిమిదికీ మధ్య తేడా చిన్నది కాదు, ల్యాప్‌టాప్ యు రకం ఐ5లకి రెండు కోర్ల నుంచి నాలుక్కి పెరిగింది అక్కడే.

టెక్కలి_గేమర్
ఇది తెలీదు మాస్టారూ. ఐ7లో రెండే కోర్లా!

గంటస్తంభం_కుర్రాడు
మాస్టారు చెప్పింది అంతా కరెక్టే గానీ విండోస్‌లో కనపడ్డ పేరుని కళ్ళు మూసుకుని నమ్మొద్దు. మా పిన్నికొడుకు వేరే ఊళ్ళో ఒక కొట్లో కొన్నాడు, పేరు చెప్పను. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి చూపించారంట, ఐ7 అని చక్కగా ఉంది, ఏడో జనరేషన్. ఇంటికి తెచ్చాక ఏదో పని మీద బయోస్‌లోకి వెళ్తే అక్కడ ఐ3 అని ఉంది. ఎనిమిది వేలు తేడా. తిరిగి తీసుకెళ్తే "మేం చూపించినప్పుడు ఐ7యే ఉంది, మీరే మార్చుంటారు" అన్నారంట. ఆడు ఎంత ఏడ్చాడో మా ఇంట్లో అందరికీ తెలుసు.

టెక్కలి_గేమర్
ప్రాసెసర్ పేరే మార్చేస్తారా? ఇది యూట్యూబ్ కథలా ఉంది అన్నా

గంటస్తంభం_కుర్రాడు
కథ కాదు. అబౌట్ పేజీలో కనపడే ప్రాసెసర్ పేరు విండోస్ రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోటు) ఒక చోట రాసి ఉంటుంది, అక్కడ మార్చి ఐ9 అని రాసినా అదే చూపిస్తుంది. మిషన్ రీస్టార్ట్ చేస్తే విండోస్ మళ్ళీ అసలు పేరు రాసేస్తుంది, అందుకని ఆన్ అయిన ప్రతిసారీ పేరు మార్చే చిన్న ఫైలు ఒకటి స్టార్టప్‌లో పెడతారు. తయారీ కంపెనీ పేరు, లోగో కూడా అలాగే మార్చొచ్చు. అందుకే చిన్నోడూ కోర్ల లెక్క కూడా చూడు. పేరు ఒకటి చెప్పి కోర్లు ఇంకోటి చెప్తే అక్కడే లేచి వచ్చెయ్.

పెంగ్విన్_పద్మ
ఇంత అనుమానం పెట్టుకోడం ఎందుకు, ఆ విండోస్‌నే పక్కన పెట్టేస్తే పోతుంది. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్) వేసుకుని వెళ్ళు. డెల్ అయితే ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే దేంట్లోంచి మొదలవ్వాలో (బూట్ అవ్వాలో) అడుగుతుంది, పెన్‌డ్రైవ్ ఎంచుకుని "ట్రై ఉబుంటు" అను. డిస్క్ మీద ఏమీ ఎక్కదు, కొట్టు ఆయన డేటా ఏదీ ముట్టుకోదు. టెర్మినల్ తెరిచి ఎల్ ఎస్ సి పి యు అని కొడితే ప్రాసెసర్ తన పేరు తనే చెప్తుంది, ఆ రిజిస్ట్రీ వేషాలేవీ ఇక్కడ పనిచెయ్యవు. ఎల్ ఎస్ బి ఎల్ కె కొడితే డిస్క్‌లు, ఫ్రీ అని కొట్టి గ్యాప్ ఇచ్చి మైనస్ హెచ్ కొడితే ర్యామ్. పనిలో పనిగా వైఫై, సౌండు, కీబోర్డు కూడా తెలిసిపోతాయి. మా రాజాంలో నా దగ్గర చదివే పిల్లలందరికీ ఇదే నేర్పించాను.

చీపురుపల్లి_ఎక్స్‌ప్రెస్
పద్మప్ప వచ్చిందంటే పెన్‌డ్రైవ్ వచ్చినట్టే 😄

బొబ్బిలి_సర్వీస్
పద్మ మేడం చెప్పింది మంచి పద్ధతే, కానీ ఏ కొట్టోడూ తెలీనివాడి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వడండి, నేనూ పెట్టనివ్వను, వైరస్ భయం మాకూ ఉంటాది. దానికంటే బయోస్ చూడండి, ఎవరూ కాదనరు. డెల్‌కి ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 టకటకా కొట్టాలి, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోలో థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1, మిగతా వాటికి ఎక్కువగా ఎఫ్2. డెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ పేజీలో ప్రాసెసర్ పేరు, కోర్లు, ర్యామ్ ఎంత, ఏ స్లాటులో ఎంత, డిస్క్ మోడల్, సర్వీస్ ట్యాగ్ (డెల్ ఒక్కో మిషన్‌కి ఇచ్చే గుర్తు నంబరు) అన్నీ ఉంటాయి. విండోస్‌లో ఎవడెన్ని వేషాలేసినా ఇక్కడికి రాలేడు. హెచ్‌పీ ల్యాప్‌టాప్ అయితే విండోస్‌లో ఉన్నప్పుడే ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే చిన్న కిటికీలో మోడల్, సీరియల్, ప్రాసెసర్, ర్యామ్ వస్తాయి.
ఇంకోటి, ఇది ఎవరూ చెప్పలేదు. బయోస్‌లోకి వెళ్ళబోతే పాస్‌వర్డ్ అడిగిందనుకోండి, ఆ మిషన్ వద్దు. కంపెనీల నుంచి వచ్చిన సరుకు అది, వాళ్ళ తాళం ఇంకా తియ్యలేదన్నమాట. కొన్నిటికి విండోస్ మళ్ళీ వేస్తే "ఈ పరికరం ఫలానా సంస్థది" అని లాగిన్ అడుగుతాది, అలాంటిది మా దగ్గరికి రిపేరుకి తెచ్చినా మేం చేసేదేం లేదు.
మరోమాట. కొట్లవాళ్ళందరూ దొంగలన్నట్టు మాట్లాడకండి. ఈ లాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు పెద్ద ఊళ్ళ నుంచి లాట్లుగా వస్తాయి, బస్తాలో వేసి తూకానికి తెచ్చినట్టే తెస్తారు, చాలామందికి లోపల ఏముందో నిజంగా తెలీదు. కాగితం మీద ఏది రాసుంటే అది చెప్తారు. స్టిక్కర్లు కూడా షీట్లు షీట్లుగా దొరుకుతాయి.

గంటస్తంభం_కుర్రాడు
తెలీకపోవడం వేరు, రిజిస్ట్రీలో ఫైలు పెట్టడం వేరు సర్. అది తెలీక చేసిన పని కాదు కదా

బొబ్బిలి_సర్వీస్
అది మోసమే, నేను కాదన్లేదు

సాలూరు_సంత
మధ్యలో ఒక డౌట్. మా ఆయన ల్యాప్‌టాప్ 4 జీబీ అని కొన్నాం, అబౌట్‌లో 4 జీబీ, పక్కన 3.4 యూజబుల్ అని ఉంది. అరకిలో పైనే తగ్గించేశారా

పెంగ్విన్_పద్మ
తగ్గించలేదమ్మా. సిస్టమ్ టైప్ అన్న చోట 32 బిట్ అని ఉందా? ఉంటే అదే కారణం, 32 బిట్ విండోస్ 4 జీబీ మొత్తాన్ని వాడుకోలేదు. 64 బిట్ అని ఉంటే గ్రాఫిక్స్‌కి కొంత పక్కన పెట్టి ఉంటుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్లు ర్యామ్‌లోంచే తీసుకుంటాయి. ఏఎండీ ప్రాసెసర్లలో అయితే 8 జీబీలో 2 జీబీ దాకా పోయినట్టు కనపడుతుంది.

సాలూరు_సంత
32 బిట్ అనే ఉంది. థాంక్యూ

టెక్కలి_గేమర్
డిస్క్ కూడా అంతే కదా, నాది 512 కొన్నా 476 చూపిస్తుంది

నెల్లిమర్ల_మాస్టారు
అది మోసం కాదు. తయారు చేసేవాడు వెయ్యికి వెయ్యి లెక్కన జీబీ కడతాడు, విండోస్ 1024 లెక్కన కడుతుంది. అందుకని 256 అంటే 238, 512 అంటే 476, 1 టీబీ అంటే 931 కనపడాలి. చిన్నోడూ, ఈ మూడు అంకెలూ గుర్తుపెట్టుకో. 238 కనపడితే అది 256 డిస్కే, ఎవరేం చెప్పినా సరే. కానీ సీ డ్రైవ్ ఒక్కటే చూసి లెక్కేస్తే తప్పుతావు, డిస్క్‌ని సీ, డీ అని ముక్కలు చేసి ఉంటారు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ మీద నొక్కి కెపాసిటీ చూడు.

పలాస_కాజు
నాదీ ఓ గోలుంది బావూ. మా తాతది పాత డెస్క్‌టాపు, స్విచ్చేస్తే ఫ్యాను తిరుగుతాది, బీప్ బీప్‌మని అరుస్తాది, బొమ్మ రాదు. ర్యామ్ పోయిందన్నాడు మా ఊరి మెకానిక్కు. కొత్తది కొందామంటే ఏ ర్యామో తెల్దు, విండోస్ రాకుండా ఇయ్యన్నీ ఎలగ సూడాలి

బొబ్బిలి_సర్వీస్
కాజూ బావూ, కరెంటు ప్లగ్గు పీకేసి పక్క డోరు విప్పు. ర్యామ్ కర్ర మీద స్టిక్కర్ ఉంటాది. పీసీ3 అని ఉంటే డీడీఆర్3, పీసీ4 అంటే డీడీఆర్4. పీసీ3 పక్కన 12800 అని ఉంటే 1600 స్పీడన్నమాట. స్టిక్కర్ చిరిగిపోతే బోర్డు మీద మోడల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాది, దాన్ని నెట్లో వెతుకు. 3కి 4 పెడదామనుకోకు, గంటు వేరే చోట ఉంటాది, బలవంతంగా తోస్తే స్లాటు విరుగుతాది. కొనేముందు ఉన్న కర్ర తీసి ఆ బంగారు రంగు కాళ్ళు మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టి చూడు, తుప్పు పట్టి అరుస్తున్నా అరుస్తాది. మన వైపు సముద్రం గాలికి ఇది మామూలే.

పలాస_కాజు
తుడిసి సూత్తాను

నాగావళి_తీరం
బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదు, సెకండ్ హ్యాండ్‌లో ముందు పోయేది అదే. స్టార్ట్‌లో సి ఎం డి అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరువు. నల్ల కిటికీలో పి ఓ డబ్ల్యు ఇ ఆర్ సి ఎఫ్ జి, గ్యాప్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో ఒకే మాటగా కొట్టు. ఒక ఫైలు తయారై ఎక్కడుందో అడ్రస్ చూపిస్తుంది, బ్రౌజర్లో తెరుచుకుంటుంది. డిజైన్ కెపాసిటీ అంటే కొత్తప్పటిది, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పట్టేది. రెండో అంకె మొదటి దాంట్లో సగానికి దగ్గరైతే బ్యాటరీ ఖర్చు రేట్లోంచి తగ్గించమను. మనకి తుఫాను సీజన్లో కరెంటు పోతే రోజుల తరబడి రాదు, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ లేకపోతే ఇంక అది ల్యాప్‌టాప్ దేనికి.

పెంగ్విన్_పద్మ
నాగావళి గారు చెప్పింది బంగారం. డిస్క్ ఆరోగ్యానికి కూడా విండోస్ 11లో దారుంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్, డిస్క్స్ అండ్ వాల్యూమ్స్, అక్కడ డిస్క్ ప్రాపర్టీస్. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం అయితే ఇంకా ఎంత శాతం ఆయుష్షు ఉందో అంచనా చూపిస్తుంది. సాటా అనే పాత రకానికి చూపించదు, దానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ కావాలి, కొట్టులో కుదరదు, కొన్నాక వేసుకో.

జామి_మామ
నేను ఎప్పుడూ డబ్ల్యూ ఎం ఐ సి కమాండ్‌తో సీరియల్ నంబర్ చూస్తాను, అది చాలా సులువు

పెంగ్విన్_పద్మ
మామగారూ అది పాతబడింది. విండోస్ 11 24హెచ్2 నుంచి అది మామూలుగా రాదు, విడిగా పెట్టుకోవాలి. సీరియల్ కోసం అయితే బయోస్‌లో చూస్తే చాలు, లేదా కింద స్టిక్కర్ మీద.

జామి_మామ
అవునా, మా ఆఫీసులో అన్నీ విండోస్ పదే కదా అందుకే ఇంకా పనిచేస్తోంది

ఆదివారం_ఆమదాలవలస
మా అన్నయ్య మ్యాక్‌లో ఇంత లేదు, మూల ఉన్న యాపిల్ బొమ్మ నొక్కి అబౌట్ దిస్ మ్యాక్ అంటే చిప్, మెమరీ, సీరియల్ అన్నీ ఒకే కార్డు మీద వస్తాయి

చీపురుపల్లి_ఎక్స్‌ప్రెస్
ఇరవై రెండు వేలకి ఆ మూల ఉన్న బొమ్మ ఒక్కటే వస్తుందేమో అప్పా

సిక్కోలు_చిన్నోడు
కొట్టు నుంచే రాస్తున్నా, ఫొటోలు పెట్టాను. మాస్టారు చెప్పినట్టే కాగితం తెచ్చుకున్నా. విండోస్ చెప్పేదీ బయోస్ చెప్పేదీ ఒకటే, ఇందులో వేషాలేం లేవు. లాటిట్యూడ్ ఈ7470, ఐ7 6600యు, కోర్లు 2, లాజికల్ 4. ర్యామ్ 8 జీబీ, స్లాట్లు రెండిట్లో ఒకటి వాడారు. డిస్క్ 238 జీబీ, ఎస్ఎస్‌డీ. బ్యాటరీ డిజైన్ 55 వేల చిల్లర, ఫుల్ ఛార్జ్ 29 వేల చిల్లర. బయోస్ పాస్‌వర్డ్ అడగలేదు. బయోస్ తేదీ మాత్రం 2021 అని ఉంది, మరి ఆరో జనరేషన్ పాతది కదా?

వంశధార
మోడరేటర్‌ని. మూడో ఫొటోలో సర్వీస్ ట్యాగ్ స్పష్టంగా కనపడుతోంది, తీసేశాను. ఆ ఏడక్షరాలూ అందరి ముందూ పెట్టకండి, వాటితో మిషన్ వివరాలు, వారంటీ ఎవరైనా చూడొచ్చు. మిగతా ఫొటోలు ఉంచాను.

నెల్లిమర్ల_మాస్టారు
బయోస్ తేదీ అంటే మిషన్ పుట్టిన తేదీ కాదు, ఆ బయోస్ వెర్షన్ వచ్చిన తేదీ. అప్‌డేట్ చేసినప్పుడల్లా మారుతుంది. అది చూసి "2021 మిషన్ బాబూ" అని అమ్మేవాళ్ళున్నారు, జాగ్రత్త. వంశధార దాయమన్న ఆ ట్యాగ్‌నే నువ్వు డెల్ సపోర్ట్ వెబ్‌సైట్లో కొట్టి చూసుకో, ఆ మిషన్ ఎప్పుడు బయటికొచ్చిందో, మొదట ఏ డిస్క్, ఎంత ర్యామ్‌తో వచ్చిందో దొరుకుతుంది.

గంటస్తంభం_కుర్రాడు
512 అని 256 ఇస్తున్నాడు చూశావా. బ్యాటరీ సగమే. రెండు కోర్లు. ఇరవై రెండు వేలు ఎక్కువ.

బొబ్బిలి_సర్వీస్
విండోస్ 11 ఎలాగ ఎక్కించాడో అడగండి. మైక్రోసాఫ్ట్ లెక్కలో ఇంటెల్‌కి ఒకటీ అరా తప్పిస్తే ఎనిమిదో జనరేషన్ నుంచే 11కి అనుమతి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. ఆరో జనరేషన్ మీద అడ్డదారిలో ఎక్కించారు. నడుస్తాది, కానీ రేపు పెద్ద అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. పోనీ 10 వేసుకుందామా అంటే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మూడేళ్ళ డిగ్రీకి కొంటున్న మిషన్, ఇది చిన్న విషయం కాదు.

పెంగ్విన్_పద్మ
ఉబుంటు వేస్తే ఆ బాధ లేదు, ఆరో జనరేషన్ ఇంకా ఏళ్ళ తరబడి హాయిగా నడుస్తుంది

బొబ్బిలి_సర్వీస్
మేడం, కాలేజీలో ప్రాక్టికల్స్ విండోస్ మీద పెడితే పిల్ల ఇబ్బంది పడతాది

పెంగ్విన్_పద్మ
అదీ నిజమే. ముందు చెల్లిని అడగండి, సిలబస్‌లో ఏం సాఫ్ట్‌వేర్లు ఉన్నాయో. సీ, జావా, పైథాన్, డేటాబేస్ అయితే దేంట్లోనైనా ఒకటే.

సిక్కోలు_చిన్నోడు
ఇంటికొచ్చేశాను. మొత్తం చెప్తాను. కొట్టు ఆయనకి స్క్రీన్ తిప్పి 238 చూపిస్తే ఆయనే లాట్ కాగితం తీసి చూశాడు, అందులో 512 అనే రాసుంది, ఆయనకీ తెలీదు, మొహం చూస్తే తెలిసిపోయింది. బొబ్బిలి సర్వీస్ గారు చెప్పిందే నిజం. నాలుగు వేలు తగ్గిస్తానన్నాడు. నేను ఎనిమిదో జనరేషన్ ఏదైనా ఉందా అని అడిగాను, ఐ5 అయినా పర్లేదన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు, ఐ7 వదిలేసి ఐ5 అడిగేవాళ్ళు రారంట. కింద అరలోంచి లాటిట్యూడ్ 5490 తీశాడు, పైమూత మీద చిన్న సొట్ట ఉంది, అందుకే ఎవరూ ముట్టుకోలేదంట. చెల్లే కూర్చుని అన్నీ తనే కొట్టి చూసింది, కాగితం నా చేతిలోంచి లాగేసుకుంది. ఐ5 8250యు, కోర్లు 4, లాజికల్ 8, ర్యామ్ 8 జీబీ, స్లాట్లు రెండిట్లో ఒకటి, డిస్క్ 238, బ్యాటరీ డిజైన్ 68 వేలకి 51 వేలు పడుతోంది. ఎఫ్2 నొక్కి బయోస్ కూడా చూశాం, అక్కడా అదే. పంతొమ్మిదిన్నర వేలకి ఇచ్చాడు. బిల్లు మీద ప్రాసెసర్ నంబరు, సర్వీస్ ట్యాగ్, ర్యామ్, డిస్క్ అన్నీ రాయమన్నాను, కొంచెం విసుక్కున్నాడు గానీ రాసి సంతకం పెట్టాడు. పది రోజుల్లో ఏమైనా అయితే తెమ్మన్నాడు.

గంటస్తంభం_కుర్రాడు
బిల్లు మీద రాయించుకున్నావు చూడు, అది అసలు పని. మా వాడి దగ్గర ఆ ఒక్క ముక్క ఉండుంటే ఆ కొట్టోడు నోరెత్తేవాడు కాదు.

టెక్కలి_గేమర్
సొట్టకి రెండున్నర వేలు తగ్గింది, సొట్ట మీద స్టిక్కర్ అంటించు

చీపురుపల్లి_ఎక్స్‌ప్రెస్
ఐ7 స్టిక్కర్ అంటించు 😄

నాగావళి_తీరం
51 వేలు అంటే బ్యాటరీ మంచిగానే ఉంది, డిజైన్‌లో నాలుగింట మూడు వంతులు. సైకిల్ కౌంట్ (మొత్తం ఎన్నిసార్లు నిండా ఛార్జ్ అయినట్టో ఆ లెక్క) కూడా అదే రిపోర్ట్‌లో ఉంటుంది, రాసి పెట్టుకోండి. ఆరు నెలలకోసారి అదే కమాండ్ కొట్టి చూసుకుంటే ఎంత వేగంగా పడిపోతోందో తెలుస్తుంది.

పలాస_కాజు
బొబ్బిలి మాస్టారూ మీరు సెప్పినట్టు రబ్బరెట్టి తుడిసీసినాను, లేసిపోనాది! మా తాత ఒకటే సంబరం. అందులో ఎంతుందో సూద్దామని ఎంఎస్ఇన్ఫో కొట్టినాను, 2 జీబీ ఉన్నాదంట. మరేటి సేత్తాం

బొబ్బిలి_సర్వీస్
తాతకి పేపరు చదువుకోడానికి, ఫొటోలు చూసుకోడానికైతే అదే రకం ఇంకో 2 గానీ 4 గానీ వెయ్యి, డీడీఆర్3 అయితే పాత కర్రలు చవగ్గా దొరుకుతాయి. విండోస్ 32 బిట్ అయితే మాత్రం మొత్తం 4 దాటించి ఉపయోగం లేదు, పైన పద్మ మేడం సాలూరు వాళ్ళకి చెప్పింది చదువు.

సిక్కోలు_చిన్నోడు
ఆఖరి ప్రశ్న. మా 5490లో ఖాళీ స్లాటు ఉంది కదా, దసరాకి ఇంకో 8 వేద్దామనుకుంటున్నాం. టాస్క్ మేనేజర్‌లో స్పీడు 2400 అని ఉంది. ఏది కొనాలి, చెల్లి తనే వేస్తానంటోంది.

బొబ్బిలి_సర్వీస్
డీడీఆర్4, ల్యాప్‌టాప్‌కి వేసే పొట్టి రకం, సోడిమ్ అంటారు, 8 జీబీ. 2400 దొరికితే అదే, దొరక్కపోతే 2666 కొనండి, అది తగ్గి 2400లోనే నడుస్తాది, గొడవ లేదు. రెండు స్లాట్లలో చెరో 8 పడితే డ్యూయల్ ఛానల్ అవుతాది, అంటే రెండు కర్రలూ ఒకేసారి పనిచేస్తాయి, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కి ఆ తేడా బాగా తెలుస్తాది. చెల్లిని ముందు షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, కింద మూత విప్పాక లోపల బ్యాటరీ వైరు కనెక్టర్ తియ్యమనండి, అది మర్చిపోకూడదు. కర్రని ఏటవాలుగా స్లాటులోకి చివరిదాకా తోసి, అప్పుడు కిందకి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడతాయి. పడకపోతే గంటు సరిగ్గా కూర్చోలేదని, తీసి మళ్ళీ పెట్టాలి, గట్టిగా నొక్కకూడదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కాసేపు నల్ల స్క్రీన్ ఉంటాది, మెమరీ మారిందని ఏదైనా మెసేజ్ కూడా రావొచ్చు, కంగారు పడొద్దు. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో స్లాట్లు రెండిట్లో రెండు, మొత్తం 16 జీబీ కనపడాలి.

సిక్కోలు_చిన్నోడు
చెల్లి ఇది కూడా కాగితం మీద రాసుకుంటోంది